వేళ్ల కణుపుల నొప్పి

భద్రాచలం అడవుల్లో ఎండాకాలం వస్తే తునికాకు పని. 50 ఆకులు పేర్చి ఒక కట్ట కట్టాలి. రోజంతా అదే పనైతే వేళ్లు నొప్పి పెట్టవా మరి! ఈ నొప్పి చేతులకు విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్లలో వేళ్లు ముడిచి చాపితే హాయి.

కీళ్లవాతం వేరు. ఆడవాళ్లకు ఎక్కువ. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుంటాయి. గంటైనా పిడికిలి పడదు. రెండు చేతుల కణుపులూ వాస్తాయి. పసరు కట్లతో నెలలు గడిపితే లోపల కీలు పాడవుతుంది, వేళ్లు వంకరపోతాయి. ఆ వంకర మందులతో పోదు. కొట్లో కొన్న నొప్పి బిళ్లలు రోజూ మింగితే కడుపులో పుండు పడుతుంది, వాతం మాత్రం ఆగదు. మొదట్లోనే సరైన మందు పడితే వేళ్లు దక్కుతాయి. "ఆకు అయ్యాక పోదాంలే" అంటారు చాలామంది. అన్నాళ్లు ఆగొద్దు. కల్లం పని ఒకపూట మానైనా సరే, భద్రాచలం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి.