తల్లి ఆరోగ్యం, బిడ్డ హక్కు

సకల స్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! తల్లిపాల సంగతి మింబరుపై మాట్లాడవలసినదేనా అని కొందరికి తోచవచ్చు. దివ్య ఖుర్ఆనే మాట్లాడింది. అల్ బఖరా సూరా 233వ ఆయతులో పాలు పట్టే గడువును పూర్తి చేయదలచినవారికి అది రెండు సంవత్సరాలని అల్లాహ్ తెలిపాడు. ఈ ఒక్క మాట మనకు కంఠస్థం. అదే ఆయతు తల్లికి అన్నవస్త్రాల భారాన్ని తండ్రిపై మోపింది. బిడ్డ కారణంగా తల్లికి నష్టం కలుగకూడదన్నది. గడువుకు ముందే పాలు మాన్పించదలిస్తే ఇరువురూ సంప్రదించుకోమన్నది. అత్తలాఖ్ సూరా 6వ ఆయతు, కుదరనప్పుడు మరో స్త్రీ పాలివ్వవచ్చునన్నది. ఈ మాటలు మాత్రం మన ఇండ్లలో వినిపించవు.

నాకు తెలిసిన ఓ ఇంటి సంగతి చెబుతాను. ఆ అమ్మాయికి నికాహ్‌కు ముందునుంచే థైరాయిడ్ లోపం ఉంది. సంబంధం చెడిపోతుందని పుట్టింటివారు దాచారు. ప్రసవమయ్యాక, మందు పాలలో దిగుతుందన్న భయంతో ఆమె మాత్రలు మానేసింది. పాలు తగ్గాయి, బిడ్డ బరువు పెరగలేదు. నింద ఆమెపైనే పడింది. రెండు నెలల తర్వాత ఒక వైద్యురాలు ఓపికగా అడిగితే గాని అసలు విషయం బయటపడలేదు. నిజానికి ఆ మాత్ర వేసుకుంటూ నిశ్చింతగా పాలివ్వవచ్చు, మానడమే ప్రమాదం.

ఇటువంటివి ఇంకా ఉన్నాయి. మధుమేహం ఉన్న తల్లికి పాలు పడడం కొంత ఆలస్యం కావచ్చు. అందుకని మొదటి రోజే డబ్బాపాలకు పరుగెత్తకండి. బిడ్డను తరచుగా రొమ్ముకు పట్టించండి, బిడ్డ రక్తంలో చక్కెరను వైద్యులు పరీక్షిస్తారు. పాలివ్వడం ఆ తల్లికి కూడా మేలే, గర్భధారణలో మాత్రమే మధుమేహం వచ్చినవారికి మున్ముందు ఆ ముప్పు తగ్గుతుంది. ప్రసవంలో తీవ్ర రక్తస్రావమైనా, గతంలో రొమ్ముకు శస్త్రచికిత్స జరిగినా పాలు తక్కువ కావచ్చు. హెపటైటిస్ బి ఉన్న తల్లి, బిడ్డకు పుట్టిన 24 గంటలలోగా టీకా వేయిస్తే, పాలివ్వవచ్చు. క్షయకు మందులు వాడుతున్న తల్లి సైతం మాస్కు కట్టుకొని, వైద్యుల పర్యవేక్షణలో ఇవ్వవచ్చు. క్యాన్సర్ మందుల వంటి కొన్నింటి విషయంలోనే పాలు ఆపవలసి వస్తుంది. అది తేల్చవలసినది వైద్యుడు, ఇరుగుపొరుగువారు కాదు.

హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఒక రాత్రి మదీనా వెలుపల విడిది చేసిన వర్తక బృందానికి కావలి కాస్తున్నారు. ఒక పసివాడి ఏడుపు వినిపించింది. తల్లి వద్దకు మళ్ళీ మళ్ళీ వెళ్ళి అడిగారు. పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తున్నాడు గనుక బలవంతంగా మాన్పిస్తున్నానని, ఎదుట ఉన్నది ఎవరో తెలియక, ఆమె చెప్పింది. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన ఖిరాఅత్ దుఃఖంతో వినబడలేదట. పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇవ్వాలని వెంటనే ఆజ్ఞాపించారు. గమనించండి, ఆయన తల్లిని మందలించి ఊరుకోలేదు. ఆమెను ఆ స్థితికి నెట్టిన నియమాన్నే మార్చారు.

పాలిచ్చే తల్లికి, తనకో బిడ్డకో హాని కలుగుతుందన్న భయముంటే, రమజాన్ ఉపవాసాల నుండి షరీఅత్ మినహాయింపునిచ్చింది. అల్లాహ్ ఇచ్చిన సడలింపును అత్తవారిల్లు ఇవ్వకపోవడం ఎంత విచిత్రం!

భర్తలారా! కాన్పుకు ముందే మీ భార్య పక్కన కూర్చోండి. ఆమెకున్న వ్యాధులు, వాడే మందులు, జరిగిన ఆపరేషన్లు, మునుపటి కాన్పు ఎలా జరిగిందీ ఒక కాగితంపై వ్రాయండి. నికాహ్ నాడు మహర్ వ్రాసిన చేతికి ఇది బరువు కాదు. ఆ కాగితాన్ని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆమె దాచిన సంగతి ఏదైనా ఆ రోజు చెబితే, కోపగించకుండా వినండి.

ఓ అల్లాహ్! మా ఇండ్లలోని బాలింతలకు స్వస్థతను, వారి పసివారికి పుష్టిని ప్రసాదించు. ఆమీన్.