ఆసుపత్రి పరిపాలనలో ఇంటి నుంచే పట్టా: ఫీజు కట్టే ముందు తెలుసుకోవలసినవి

(సంఘ వార్షిక సభలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య సంఘ కార్యాలయానికి వచ్చే తల్లిదండ్రులు ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "మా అమ్మాయి బి.కాం. అయిపోయింది. ఆసుపత్రిలో బిల్లింగు కౌంటరులో పని చేస్తున్నది. ఆన్‌లైన్‌లో ఆసుపత్రి పరిపాలన మాస్టర్ డిగ్రీ ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చంటున్నారు. కట్టమంటారా?" అని. ఆ ఒక్క మాట వెనుక కుటుంబం పైసా పైసా కూడబెట్టిన డబ్బున్నది. ఒక్కోసారి తాకట్టుకు వెళ్ళబోయే నగ కూడా ఉన్నది. అందుకని ఈ సంగతి ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే, నలుగురి ముందూ విడమరచి చెప్పడం మంచిదనుకున్నాము.

మొదట, ఈ చదువు దేనికో చూద్దాము. ఆసుపత్రి అనగానే మనకు డాక్టరు, నర్సు గుర్తుకొస్తారు. కాని పడకలు ఎన్ని ఖాళీగా ఉన్నవి, మందులు ఎప్పుడు తెప్పించాలి, ఆక్సిజన్ ఎంత నిల్వ ఉన్నది, రాత్రి డ్యూటీకి ఎవరు రావాలి అని చూసేవారు వేరే ఉంటారు. వీరు మందు రాయరు, కత్తి పట్టరు. అయినా వీరి పని చెడితే రోగికే దెబ్బ.

ఒక చిన్న లెక్క చెబుతాము. వంద పడకల ఆసుపత్రి ఒకటున్నదనుకోండి. ముప్ఫై రోజుల నెలకు మొత్తం 3000 పడక-దినాలు. అందులో 2400 నిండితే, 80 శాతం పడకలు నిండినట్లు. ఆ నెలలో 600 మంది ఇంటికి వెళ్ళారంటే, ఒక్కొక్కరు సగటున నాలుగు రోజులు ఉన్నారన్నమాట. ఇక డాక్టరు పొద్దున్నే "వెళ్ళొచ్చు" అన్నా, బిల్లు, మందుల లెక్క, సంతకాలు పూర్తయ్యేసరికి సాయంత్రం అవుతున్నది. మరుసటి రోజు వరకు ఆగేవారూ ఉంటారు. ఈ ఆలస్యం తగ్గించి సగటు నాలుగు రోజులను మూడున్నర రోజులు చేస్తే, అవే 2400 పడక-దినాలలో 685 మందికి చికిత్స చేయవచ్చు. కొత్త పడక ఒక్కటి వేయకుండానే 85 మంది ఎక్కువ! ఆసుపత్రి పరిపాలన చదువు నేర్పేది ఇటువంటి ఆలోచననే.

మన రాష్ట్రాలలో ఈ పని పెరగడానికి మరొక కారణమున్నది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలయింది. తరువాత మిగతా జిల్లాలకు వచ్చింది. 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ బీమాను ప్రారంభించింది. ఇటువంటి పథకాల కింద ఆపరేషన్ చేయాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, తరువాత కాగితాలన్నీ సరిగా పంపాలి. ఒక రిపోర్టు జత కాకపోయినా సొమ్ము ఆగిపోతుంది. దీనికితోడు ఆసుపత్రి వ్యర్థాల గురించి 2016 నిబంధనలున్నవి. రక్తంతో తడిసిన దూది పసుపు సంచిలోకి, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలోకి, సూదులు తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం పెట్టెలోకి వెళ్ళాలి. ఇవన్నీ తెలిసి, పదిమంది చేత చేయించగల మనిషి ప్రతి ఆసుపత్రికీ కావాలి.

ఇది కొత్తగా పుట్టిన చదువేమీ కాదు. అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయం 1934లోనే ఆసుపత్రి పరిపాలనలో కోర్సు ప్రారంభించింది. మన హైదరాబాదులో నిమ్స్‌లో ఆసుపత్రి నిర్వహణ మాస్టర్స్ ఉన్నది. కాని అవి రోజూ తరగతికి వెళ్ళి చదివే చదువులు. ఉద్యోగం వదలలేని అబ్బాయికి, చంటిపిల్లను వదలి వెళ్ళలేని కోడలికి అవి అందవు. వారికి దూరవిద్య, ఆన్‌లైన్ విద్య దారి చూపుతున్నవి. దూరవిద్య మనకు కొత్త కాదు. 1982లో హైదరాబాదులో స్థాపించిన సార్వత్రిక విశ్వవిద్యాలయమే దేశంలో మొట్టమొదటిది. నేడది అంబేద్కర్ గారి పేరున నడుస్తున్నది. అక్కడ ఆసుపత్రి, ఆరోగ్య సంరక్షణ నిర్వహణలో ఎం.బి.ఏ. కూడా ఉన్నది. ఆ సంవత్సరం ప్రవేశాలున్నవా లేదా అన్నది ప్రకటనలో చూసుకోవాలి.

మరి ఆన్‌లైన్ పట్టాకు విలువ ఉంటుందా? ఉంటుంది. యు.జి.సి. గుర్తించిన సంస్థ నుంచి, యు.జి.సి. అనుమతించిన కోర్సులో తీసుకున్న ఆన్‌లైన్ డిగ్రీ, తరగతిలో కూర్చుని చదివిన డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో యు.జి.సి. స్పష్టంగా ప్రకటించింది. కాని ఆ వాక్యంలో ఉన్న రెండు షరతులను మరువకండి. సంస్థకు గుర్తింపు ఉంటే చాలదు, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి, ఆన్‌లైన్ పద్ధతికి అనుమతి ఉండాలి. ఈ జాబితా యు.జి.సి. దూరవిద్యా విభాగం వారి వెబ్‌సైటులో ఉంటుంది. అందులో కోర్సు పేరు అక్షరం అక్షరం సరిపోలాలి. 2024 సెప్టెంబరు ప్రవేశాల నుంచి విద్యార్థి ఆ వెబ్‌సైటులోనే తన పేరు నమోదు చేసుకుని ఒక నంబరు తీసుకోవాలి. ఆ నంబరు మాట ఎత్తకుండా "ముందు డబ్బు కట్టండి, తరువాత చూద్దాం" అనేవారుంటే, లేచి వచ్చేయండి.

ఇంకొక మాట. ఈ చదువులను ఫ్రాంచైజీ పద్ధతిలో నడపడానికి నిబంధనలు ఒప్పుకోవు. వీధి చివరి కన్సల్టెన్సీవారు దారి చూపితే చూపవచ్చు. ఫీజు మాత్రం విశ్వవిద్యాలయం ఖాతాలోకే వెళ్ళాలి, రసీదు విశ్వవిద్యాలయం పేరునే రావాలి. "పరీక్ష మేమే చూసుకుంటాం" అన్నవాడు మీ పిల్లల భవిష్యత్తుతో ఆడుకుంటున్నాడని తెలుసుకోండి.

కొందరు ఈ పట్టాను వైద్యపు పట్టా అనుకుంటున్నారు. కాదు. ఇది నిర్వహణ చదువు. దీనితో ఎవరికీ చికిత్స చేసే హక్కు రాదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను, మనస్తత్వశాస్త్రంతో సహా, 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఆన్‌లైన్‌లోగాని దూరవిద్యలోగాని నడపకూడదని యు.జి.సి. ఆదేశించింది. కనుక పేరులో "ఆరోగ్యం" అన్న మాట ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే అనుకోకుండా, ఏ కోర్సుకు ఏ నిబంధనో చూసుకోవాలి.

అమెరికా విశ్వవిద్యాలయం వారి ఆన్‌లైన్ డిగ్రీ గురించి కూడా అడుగుతున్నారు. అక్కడ ఆరోగ్య నిర్వహణ కోర్సులను పరిశీలించి గుర్తింపు ఇవ్వడానికి కామీ అనే ప్రత్యేక సంస్థ ఉన్నది. ఆ గుర్తింపు ఉన్నదేమో చూడటం మంచిదే. కాని పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసే కోర్సు మీద ఆ దేశపు విద్యార్థి వీసా రాదు. వీసా మీద వెళ్ళి చదివేవారికి కూడా ఒక సెమిస్టరులో ఒక్క ఆన్‌లైన్ తరగతి మాత్రమే లెక్కకు వస్తుంది. "ఇక్కడ కూర్చుని మొదలుపెడితే అక్కడ ఉద్యోగం గ్యారంటీ" అన్న మాట నమ్మి అప్పు చేయవద్దు.

ఇక అసలు విషయానికి వస్తాము. ఈ చదువు ఎవరికి పనికి వస్తుంది? మా అభిప్రాయంలో, ఇప్పటికే ఆసుపత్రిలో కాలుపెట్టినవారికి. నర్సు, ల్యాబు టెక్నీషియను, ఫార్మసిస్టు, బిల్లింగు గుమాస్తా, ఇన్సూరెన్సు డెస్కు మీద కూర్చునే అబ్బాయి - వీరు రాత్రి చదివిన పాఠాన్ని పొద్దున్నే పనిలో పెట్టి చూడగలరు. పడకల లెక్క పుస్తకంలో చదివితే లెక్కే. వార్డులో నిలబడి చూస్తే, స్ట్రెచర్ మీద ఎదురుచూసే ముసలాయన కనబడతాడు. ఆసుపత్రి గడప తొక్కనివారు పట్టా ఒక్కటే పట్టుకుని వెళితే, "అనుభవం ఏది?" అని అడుగుతారు. అటువంటివారు ముందు ఆరు నెలలు ఏదైనా ఆసుపత్రిలో చిన్న పనైనా చేసి, ఆ వాతావరణం తమకు సరిపడుతుందో లేదో చూసుకోవాలి. ప్రభుత్వం వారి స్వయం వేదికలో పాఠాలు ఉచితంగా వినవచ్చు. అక్కడ నిర్వహణకు సంబంధించిన ఒక కోర్సు పూర్తి చేయగలిగితే, రెండేళ్ళ చదువుకు ఓపిక ఉన్నదో లేదో ఖర్చు లేకుండానే తెలిసిపోతుంది.

ఇంటివారికి కూడా ఒక మనవి. ఇంట్లో కూర్చుని చదవడమంటే ఇంటిపని చేస్తూ చదవడం కాదు. డ్యూటీ నుంచి వచ్చిన అమ్మాయికి వంట, పిల్లలు, అతిథులు అన్నీ అప్పజెప్పి, "ఫోనులోనే కదా, ఎప్పుడైనా చదువుకోవచ్చు" అంటే, ఆ చదువు మొదటి సెమిస్టరులోనే ఆగిపోతుంది. ఫీజు కట్టినంత మాత్రాన సరిపోదు. రోజుకు రెండు గంటలు, తలుపు వేసుకునే ఒక గది, కట్టిపెట్టిన టీవీ - ఇవి కూడా మనమే ఇవ్వాలి. అవి ఇవ్వలేకపోతే ఫీజు కట్టకపోవడమే మేలు.

చివరగా, సంఘం ముందు మా ఉపసంఘం ఒక ప్రతిపాదన పెడుతున్నది. ఈ కోర్సుకు విద్యార్థి సహాయం కోరేవారికి మొత్తం సొమ్ము ఒకేసారి కాక, సెమిస్టరు సెమిస్టరుకూ విశ్వవిద్యాలయానికే నేరుగా చెల్లిద్దాము. దరఖాస్తుతో పాటు యు.జి.సి. జాబితాలో ఆ కోర్సు ఉన్న పుట నకలు, ఆసుపత్రిలో పని చేస్తున్నట్లు ఉత్తరం అడుగుదాము. ముందటి సెమిస్టరు మార్కులు చూసి తరువాతి సొమ్ము విడుదల చేద్దాము. ఇది పిల్లలపై అపనమ్మకం కాదు. సంఘం సొమ్ము పదిమంది పెట్టినది, అది పట్టా అయ్యేవరకు చేరాలన్నదే మా కోరిక.

మన ఇళ్ళలో ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రిలో ఏ కౌంటరుకు వెళ్ళాలో తెలియక తిరుగుతాము. ఆ కౌంటరు వెనుక నియమం తెలిసి, మన భాషలో ఓపికగా చెప్పగల మనిషి ఉంటే ఎంత బరువు దిగుతుందో మీకందరికీ తెలుసు. అటువంటి పదిమందిని మన పిల్లలలో నుంచి తయారు చేద్దాము. సందేహాలున్నవారు కాగితాలు తీసుకుని సంఘ కార్యాలయానికి రండి. సంతకం పెట్టే ముందే రండి.

సెలవు.