ఇంటి కంప్యూటరులో తెలుగు: మారే ముందు ఒక మాట

(బరంపురంలో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం చూసి మీలో కొందరు నవ్వుకునే ఉంటారు. భాషా హక్కుల సభలో కంప్యూటరు మరమ్మతు గోల ఎందుకని. ఉదయం నుంచి మనం తెలుగు బడుల గురించి, ఉపాధ్యాయుల ఖాళీల గురించి, పాఠ్యపుస్తకాల గురించి మాట్లాడుకున్నాం. ఆ కోరికలకు రాజ్యాంగంలోనే ఆధారం ఉంది. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమని 1956లో ఏడవ సవరణతో చేరిన 350ఎ అధికరణం చెబుతోంది. కాని అవన్నీ అడగవలసినవి. అర్జీ పెట్టి, ఏళ్ల తరబడి ఎదురుచూడవలసినవి. ఎవరికీ అర్జీ పెట్టనక్కరలేని చోటు ఒకటి మన ఇంట్లోనే ఉంది. అక్కడ కూడా మనం తెలుగును వదిలేశాం. నా సంగతే చెబుతాను.

మా ఇంటికి మొదటి కంప్యూటరు 2001లో వచ్చింది. విండోస్ 98. మా నాన్నగారు అప్పటికి బడిపంతులు ఉద్యోగం నుంచి విరమించి ఊరికే కూర్చోలేక ఉన్నారు. మా నాయనమ్మ పాడే పెళ్లిపాటలు, పసుపు దంచేటప్పటి పాటలు, అప్పగింతల పాటలు చిన్ననాటి నుంచి ఆయన నోట్‌బుక్కులలో రాసి పెట్టుకునేవారు. అవన్నీ గంజాం తెలుగు. ఏ నిఘంటువులోనూ దొరకని మాటలు అందులో ఉండేవి. ఆయన ఒక తెలుగు టైపు సాఫ్ట్‌వేరు కొని, వేలితో ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ రెండేళ్లలో నలభై మూడు పాటలు ఎక్కించారు. ఎక్కించాక నోట్‌బుక్కులు చెదపట్టి ఉన్నాయని పారేశారు. కంప్యూటరులో ఉన్నాయిగా అని ధైర్యం. కాగితంమీద తీసిన ప్రతి ఒకటే ఉండేది.

2004లో ఆ యంత్రం మొరాయిస్తే దుకాణానికి పంపాం. దుకాణంవాళ్లు హార్డ్‌డిస్కు తుడిచేసి విండోస్ ఎక్స్‌పి వేసి, పాత ఫైళ్లను తిరిగి అందులో పెట్టి ఇచ్చారు. నాన్నగారు ఫైలు తెరిచారు. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు. దుకాణంలో అడిగితే, వైరస్ పట్టింది, ఫైళ్లు పాడైపోయాయి అన్నారు. ఆయన మారుమాట అనలేదు. ఆ తరువాత కంప్యూటరు ముందు ఎక్కువగా కూర్చోలేదు కూడా. 2009లో పోయారు. మిగిలిన కాగితం ప్రతి 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురం దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటినప్పుడు, పైకప్పు రేకు ఎగిరి అలమరలో నీళ్లు దిగి ముద్దయిపోయింది.

ఫైళ్లు పాడవలేదని నాకు ఇరవై ఏళ్ల తరువాత తెలిసింది.

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను. మీలో చాలామంది ఇళ్లలో ఇదే జరిగి ఉంటుంది కనుక. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. వెనుకటి తెలుగు సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన అంకెలనే వాడుకుని, వాటి మీద తెలుగు బొమ్మలు అతికించేవి. ఫాంటు అంటే ఆ బొమ్మల మూట. మూట ఉన్నంతసేపు తెర మీద తెలుగు కనిపిస్తుంది. మూట లేని యంత్రంలో అసలున్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. ఏ సంస్థ ఫాంటు దానిది, ఏ పత్రిక ఫాంటు దానిది. ఒక ఫాంటులో రాసినది మరో ఫాంటులో చదవలేం. మా నాన్నగారి ఫైలుకు పట్టినది వైరస్ కాదు. ఆ ఫాంటు ఒక్కటి మళ్లీ ఎక్కించి ఉంటే ఆ సాయంత్రమే పాటలు తిరిగి కనిపించేవి.

దీనికి మందు అప్పటికే ఉంది. దాని పేరు యూనికోడు. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చారు. అందులో ‘క’కు 3093 అనే అంకె ఉంది. ప్రపంచంలో ఏ యంత్రంలోనైనా, ఏ ఫాంటుతోనైనా 3093 అంటే తెలుగు ‘క’ తప్ప మరొకటి కాదు. ఒడియా ‘క’ అంకె 2837. భారతీయ లిపులన్నింటికీ ఒకే వరసలో నూట ఇరవై ఎనిమిదేసి గదులు కట్టారు కనుక, రెండు ‘క’ల మధ్య తేడా సరిగ్గా 256. ఆ పట్టికలో ఒడియాకు, తెలుగుకు నడుమ తమిళం కూర్చుంది. నేల మీద మనకు ఒడియాతో గోడకు గోడ ఆనుకున్న పొరుగు, పట్టికలో మాత్రం ఒక ఇల్లు అడ్డం.

విండోస్‌లో యూనికోడు తెలుగు 2001లో ఎక్స్‌పితోనే, గౌతమి అనే ఫాంటుతో వచ్చింది. కాని అది తనంతట తాను పనిచేయదు. కంట్రోలు ప్యానెల్‌లో భాషల చీటీ తెరిచి, ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ వేస్తేనే అక్షరాలు సరిగా కూడేవి. ఆ టిక్కు పెట్టమని మనమూ అడగలేదు, దుకాణంవాడూ పెట్టలేదు. ఒడియావారికి ఆ వసతి 2007 నాటి విస్టా దాకా రాలేదు. ముందుగా వచ్చినా మనం వాడుకోలేదు. ఇందులో ఏ ప్రభుత్వాన్నీ తప్పుపట్టే వీలు లేదు.

ఇప్పుడీ విషయం ఎందుకెత్తానంటే, మన ఇళ్లన్నీ మళ్లీ అటువంటి మార్పు దగ్గరకే వచ్చాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు మరొక ఏడాది గడువిచ్చారు, అంతే. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి, ప్రాసెసరు కూడా వారి జాబితాలో ఉండాలి. 2016లో కొన్న మా యంత్రం పాసు కాలేదు. దుకాణంలో కొత్తది కొనమన్నారు. చక్కగా పనిచేసే యంత్రాన్ని పారేయడానికి మనసొప్పలేదు. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు, లైనక్స్ వేద్దాం తాతా అంది. పెన్‌డ్రైవులో వేసుకుని, యంత్రంలో ఏమీ చెరపకుండా ముందు నడిపి చూడవచ్చట. రెండు రోజులు అలాగే నడిపాం. వైఫై, ప్రింటరు, నా బ్యాంకు పని అన్నీ జరిగాయి.

ఆ రెండో రోజునే మా మనవరాలు నాన్నగారి ఫైలు తెరిచింది. ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి ఆ ఫైళ్లను మోసుకొస్తూనే ఉన్నాను. చదవలేకపోయినా తుడిచేయడానికి చెయ్యి రాలేదు. లిబ్రెఆఫీసులో తెరిచేసరికి అదే చెత్త కనిపించింది. కాని ఫాంటు పేరు చూపించే గడిలో ఒక పేరు వాలుగా, ఇటాలిక్కులో కనబడింది. ఆ ఫాంటు ఈ యంత్రంలో లేదని చెప్పే పద్ధతి అది. తాతా, ఫైలు బాగానే ఉంది, దీని బట్టలే లేవు అంది పిల్ల. నేను కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాను.

పేరు తెలిశాక, ఆ ఫాంటు నుంచి యూనికోడుకు మార్చే పనిముట్టు సంపాదించాం. ఇటువంటివి ఇదివరకూ ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే తోడు పనిముట్టు ఉండేది, పత్రికల ఫాంటులను అప్పటికప్పుడు యూనికోడులోకి మార్చి చూపేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రావడంతో పాత పద్ధతి పనిముట్లన్నీ ఆగిపోయాయి. తాళంచెవులూ తుప్పు పడతాయని దీనివల్ల గ్రహించాలి. పాత ఫైళ్లు ఉన్నవారు వాయిదా వేయకండి.

మార్పిడి తరువాత పాటలు వచ్చాయి. తప్పులతో వచ్చాయి. పాత ఫాంటులు ఒక్కొక్క అక్షరాన్ని తలకట్టు, గుడి, ఒత్తు అని ముక్కలు చేసి పక్కపక్కన అతికేవి. యంత్రం ఆ ముక్కలను తిరిగి కూర్చేటప్పుడు ఒక ఒత్తు పక్క అక్షరానికి పోతుంది, ఒక సున్న రాలిపోతుంది. వాటిని సరిదిద్దడానికి తెలుగు చదవగలిగినవాళ్లు కావాలి. మా ఇంట్లో అక్కడే చిక్కు వచ్చింది. మనవరాలు తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవలేదు. బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ. మా అమ్మకు తెలుగు చదువు బాగా వచ్చు, ఆవిడ పుట్టిల్లు సోంపేట. కాని చూపు తగ్గింది. అందుకని అక్షరాలు గోడగడియారమంత పెద్దవి చేసి తెర మీద పెట్టాం. అమ్మ ఒక్కొక్క అక్షరం పలకడం, పిల్ల దాన్ని వెతికి కొట్టడం. చలికాలమంతా అదే పని. ఇప్పుడు పిల్ల నెమ్మదిగా చదువుతోంది. ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతుంది.

పాటలు యూనికోడులో భద్రమయ్యాక, రెండు ప్రతులు వేరుగా దాచాక, అప్పుడే పాత వ్యవస్థను తుడిచాం. ఈ వరస తప్పవద్దని మీ అందరినీ కోరుతున్నాను. ముందు ఫైళ్లు, తరువాతే వ్యవస్థ.

మేము వేసినది డెబియన్ 13, 2025 ఆగస్టులో విడుదలైనది. బొమ్మలతో నడిచే స్థాపకంలో మొదటి తెర ఏ భాష కావాలని అడుగుతుంది. తమిళానికి, థాయికి మధ్య మన తెలుగు, తెలుగు అక్షరాలతోనే ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న మన గంజాం మద్రాసు నుంచి ఒరిస్సాలోకి వెళ్లినప్పుడు ఏ భాష కావాలని మన తాతలను అడిగినవారు లేరు. ఆ బాధతోనే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి విడిచి రాజమండ్రి చేరారు. వెళ్లలేనివారి పిల్లలం మనం. ఈ తెర అడిగినప్పుడైనా, అలవాటుకొద్దీ ఇంగ్లీషు మీద నొక్కి ముందుకు పోకండి.

తెలుగు తెర అంటే అంతా తెలుగే అనుకోకండి. కొన్ని చోట్ల ఇంగ్లీషు మిగిలింది. కొన్ని అనువాదాలు చదివితే ఇంగ్లీషే నయమనిపిస్తుంది. అయినా అది జీతం లేకుండా మనవాళ్లు చేసిన పని. హైదరాబాదులో 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ వంటి బృందాల కార్యకర్తలు అందులో ఉన్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు తయారుచేసిన పోతన, వేమన ఫాంటులు డెబియన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అనువాదం బాగాలేకపోతే దిద్ది పంపే వీలు కూడా ఉంది. మన దగ్గర పంతుళ్లకు కొదవలేదు.

ఇబ్బందులూ చెప్పాలి. శుభలేఖలు వేసే అచ్చు దుకాణాలవారు వాడే పేజ్‌మేకరు, పాత తెలుగు టైపు సాఫ్ట్‌వేర్లు, వర్తకులు లెక్కలు రాసే ట్యాలీ విండోస్ కోసం చేసినవి. వాటి మీద బతికేవారు తొందరపడి మారవద్దు. విండోస్ 11లోనూ యూనికోడు తెలుగు చక్కగా ఉంది. మీ యంత్రం ఒప్పుకుంటే అదే వేసుకోండి, తెలుగు మీటల వరస మాత్రం తప్పక పెట్టుకోండి. నాకు విండోస్‌తో వైరం లేదు.

మీటల వరస గురించి సరిహద్దు ఇళ్లవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. ఇన్‌స్క్రిప్టు అనే ప్రభుత్వ ప్రమాణం భారతీయ లిపులన్నింటికీ ఒకటే. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి ప్రధానంగా హల్లులు. ఇంగ్లీషు ‘కె’ మీట తెలుగులో పెడితే తెలుగు ‘క’, ఒడియాలో పెడితే ఒడియా ‘క’. పిల్లకు ఇది చూపించడానికి ‘సి’ మీట, ‘వి’ మీట వరుసగా నొక్కమన్నాను. తెలుగులో ‘మన’ అని వచ్చింది. భాష మార్చి అవే రెండు మీటలు మళ్లీ నొక్కితే ఒడియా అక్షరాలలో ‘మన’ వచ్చింది, వారికి దాని అర్థం మనసు. పిల్ల అరగంట సేపు అదే ఆట ఆడింది. బడి కోసం ఒడియా టైపు నేర్చిన వేళ్లు తెలుగుకూ పనికొస్తాయి. తెలుగు నేర్పితే ఒడియా చెడుతుందని భయపడే తల్లిదండ్రులు ఈ రెండు మీటలు నొక్కి చూడండి.

వచ్చే నెల మొదటి రెండు ఆదివారాలు నేనూ, మా మనవరాలూ ఇక్కడే ఈ హాలులో కూర్చుంటాం. మీ పాత సీడీలు, పెన్‌డ్రైవులు, అర్థంకాని ఫైళ్లు పట్టుకురండి. వంశవృక్షాలు, సంఘం తీర్మానాలు, తాతగారి ఉత్తరాలు, ఏవైనా సరే.

నాకూ మీ సహాయం కావాలి. నలభై మూడు పాటలలో నలభై రెండు పూర్తయ్యాయి. పసుపు దంచేటప్పటి పాట ఒకదానిలో ఒక మాట దగ్గర ఆగిపోయాం. ‘పొ’తో మొదలవుతుంది, ‘ణి’తో ముగుస్తుంది, నడుమ ఒక అక్షరం మార్పిడిలో పోయింది. ఏదో పాత్ర పేరని మా అమ్మ అంటుంది, ఆవిడకూ నోటికి రావడం లేదు. ఈ సభలో ఆ పాట ఎరిగిన పెద్దమ్మలు ఎవరైనా ఉంటే భోజనాల దగ్గర నన్ను పిలవండి. కాగితం, కలం జేబులోనే ఉన్నాయి.