మూలకణ చికిత్స: దాతల సొమ్ము ఎక్కడ పెట్టాలి?

(వార్షిక సమావేశంలో వైద్య సహాయ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వైద్య సహాయం కోసం మనకు వచ్చే దరఖాస్తుల్లో కొంతకాలంగా ‘స్టెమ్ సెల్ థెరపీ’ అనే మాట కనిపిస్తోంది. తెలుగులో మూలకణ చికిత్స అంటున్నారు. సెరిబ్రల్ పాల్సీతో నడవలేని బిడ్డ, ఆటిజం ఉండి మాటలు రాని బాబు, ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని మంచాన పడిన యువకుడు. వాళ్ల అమ్మానాన్నలు లక్షల రూపాయల అంచనా కాగితం పట్టుకుని వస్తారు. కొంత అప్పు చేశాం, మిగతాది మీరు సర్దండి అంటారు. వాళ్లకు ఇచ్చేది మీ జకాత్, సదఖా సొమ్ము. అది మన చేతిలోని అమానత్. అందుకే ఈ సంగతి మీ ముందు పెడుతున్నాం.

మూలకణం అంటే ఇంకా ఏ పనికీ స్థిరపడని కణం. అవసరాన్ని బట్టి అది వేరే కణాలుగా మారగలదు. మన ఎముక మజ్జలోని మూలకణాలు రోజూ కొత్త రక్తాన్ని తయారుచేస్తుంటాయి. అందుకే లుకేమియా, తలసీమియా వంటి రక్త జబ్బులకు మజ్జ మార్పిడి రుజువైన చికిత్స. వైద్యుల సలహాతో వచ్చే అలాంటి దరఖాస్తుల విషయంలో మాకు సందేహం లేదు.

మెదడు సంగతి వేరు. రక్తకణాలు నిత్యం పుడుతూ పోతూ ఉంటాయి. నాడీకణం అలా కాదు. ఒక్కొక్కటి వేల కణాలతో తీగల్లాంటి పోగులతో ముడిపడి ఉంటుంది. దెబ్బతిన్న చోట కొత్త కణాలు పోసినంత మాత్రాన ఆ ముడులన్నీ తిరిగి కుదరవు. పైగా బయట చాలాచోట్ల చేసేది ఏమిటంటే, రోగి మజ్జ నుంచో కొవ్వు నుంచో కణాలు తీసి వెన్నులోకి ఎక్కించడం. అవి వెళ్లి మెదడులో కొత్త నాడీకణాలుగా మారి పిల్లవాణ్ణి నడిపిస్తాయని రుజువు కాలేదు.

అలాగని ఈ శాస్త్రం వట్టిది కాదు. 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక ఎలుక చర్మకణాలను వెనక్కి మూలకణాల స్థితికి తెచ్చారు. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతితో తయారైన కణాలను క్యోటో విశ్వవిద్యాలయం వైద్యులు ఏడుగురు పార్కిన్సన్స్ రోగుల మెదడులో నాటి, రెండేళ్లు గమనించి, 2025లో ఫలితాలు ప్రకటించారు. తీవ్రమైన హాని కనబడలేదు, కొందరి కదలికలు మెరుగుపడ్డాయి. సంతోషించాల్సిన వార్తే. కానీ ఏడుగురితో సంగతి తేలిపోదు. పైగా పార్కిన్సన్స్‌లో ప్రధానంగా ఒక రకం కణాలు నశిస్తాయి కాబట్టి వాటి స్థానంలో వేరేవి పెట్టే ప్రయత్నం సాధ్యమైంది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం అలాంటివి కావు.

ఇందులో అపాయం లేకపోలేదు. ఇజ్రాయెల్‌కు చెందిన ఒక బాలుడికి మాస్కోలో గర్భస్థ పిండాల నుంచి తీసిన నాడీ మూలకణాలు ఎక్కించారు. మొదటిసారి ఎక్కించిన నాలుగేళ్లకు మెదడులో, వెన్నులో కణితులు బయటపడ్డాయి. అవి బాలుడి సొంత కణాల నుంచి కాక, ఎక్కించిన కణాల నుంచి పెరిగినవని పరీక్షల్లో తేలింది. 2009లో వైద్య పత్రిక దీన్ని ప్రచురించింది.

మన దేశంలో నియమం స్పష్టంగానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, వెన్నుపాము గాయం వంటివాటికి మూలకణాలను అనుమతి పొందిన ప్రయోగంలో మాత్రమే వాడాలి. ఆ ప్రయోగంలో పాల్గొనే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆటిజానికి దీన్ని సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ నైతిక మండలి కూడా 2022లో చెప్పింది.

దాతలు గుర్తుంచుకోవాల్సిన మాట ఇదే. నిజమైన ప్రయోగమైతే డబ్బు అడగరు. డబ్బు అడిగారంటే అది నియమబద్ధమైన ప్రయోగం కాదు. ఏ రకంగా చూసినా అక్కడ మన నిధితో పనిలేదు. ఎవరైనా మీ ఇంటి తలుపు తట్టి ఈ చికిత్సకు సాయం అడిగితే మూడు సంగతులు కనుక్కోండి. ఇది దేశ ప్రయోగాల రిజిస్ట్రీలో నమోదైందా? నైతిక కమిటీ అనుమతి పత్రం ఉందా? హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరు ఇస్తారు?

అయితే ఆ కుటుంబాన్ని వట్టి చేతులతో పంపడం మన పద్ధతి కాదు. ఆ బిడ్డకు నిజంగా పనికొచ్చేవి చాలా ఉన్నాయి. క్రమం తప్పని ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, కాళ్లకు సరైన కాలిపర్లు, మూర్ఛ మందులు, వీల్‌చైర్. సదరం సర్టిఫికెట్ ఇప్పించాలి. మండలంలోని భవిత కేంద్రానికి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థకు దారి చూపాలి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. థెరపీ ఖర్చులూ అందులోకి వస్తాయి. ఆ ఫారం నింపిపెట్టడం కూడా సదఖాయే.

లక్షలు పోసి ఒక ఇంజెక్షన్ ఇప్పిస్తే ఫొటో బాగుంటుంది. అదే సొమ్ముతో కొందరు పిల్లలకు నెలనెలా థెరపీ, రానుపోను బస్సు చార్జీలు ఇస్తే ఫొటో ఉండదు. కానీ ఒక పిల్ల తన చేత్తో తాను అన్నం తింటుంది. ఇంకో పిల్లాడు గోడ పట్టుకుని నిలబడతాడు. మీ సొమ్ము అక్కడికి చేరాలన్నదే మా కోరిక.

రేపు ఈ చికిత్స రుజువైతే, ఇన్‌షా అల్లాహ్, మొదటి దరఖాస్తు మేమే మీ ముందుకు తెస్తాం. అప్పటిదాకా ఈ పిల్లల థెరపీ ఒక్క నెల కూడా ఆగకుండా మీరు చూడండి. ఆ తల్లులకు ఓర్పును, ఆ పిల్లలకు స్వస్థతను ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.