మదనపల్లె ఇసుక - మహాదేవన్ లోయ

కలకత్తాలో రామన్ గారి యొద్ద పరిశోధన నేర్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భూవిజ్ఞానశాఖను తీర్చిదిద్దిన ఆచార్య సి. మహాదేవన్ గారి స్మృత్యర్థమై నన్ను మాట్లాడ నియోగించితిరి. విశాఖలో సముద్రశాస్త్రము బోధించిన అమెరికా ఆచార్యుడు లఫాండ్ 1964లో ప్రకటించిన వ్యాసమున, మన తూర్పుతీరమున కెదుట కడలిగర్భమునందున్న ఆంధ్ర, మహాదేవన్, కృష్ణా లోయలు వర్ణింపబడినవి. అట్టి లోయల గుండ నదుల మట్టి అగాధమునకు దిగు విధము లోకమునకు ఎట్లు తెలిసెనో చెప్పుటయే నేటి నా పని.

మీ మదనపల్లె సీమ బాహుదా చెయ్యేటిగా మారి, పెన్నలో కలసి నెల్లూరు సీమలో కడలి చేరును. కుప్పము ప్రక్కగా పోవు పాలారు తమిళనాట సముద్రము చొచ్చును. ఈ గుట్టల రాయి నలిగి ఇసుకయై ఏటివెంట పోవుట మీరెఱిగినదే; నదీముఖముతో ఆ ప్రయాణము తీరిపోదు.

ఆ తరువాతి దారిని గూర్చిన తొలినాటి ఊహలను త్వరగా దాటెదను. 19వ శతాబ్ది చివర శాస్త్రజ్ఞుడు ఫొరెల్, రోన్ నది కలకనీరు జెనీవా సరస్సు అడుగున పాఱునని చెప్పెను. 1935లో అమెరికాలోని మీడ్ జలాశయమున పైనీరు తేటగా నుండగానే బురదనీరు అడుగుదారిన ఆనకట్ట వఱకు పోయెను. మట్టి కలసిన నీరు తేటనీటికంటె బరువు. వాలు దొరికినచో అది దిగును. ఆ ప్రవాహమే సముద్రగర్భలోయలను తొలిచెనని 1936లో భూవిజ్ఞాని డేలీ ఊహింపగా, మఱుసటి యేట మఱొక భూవిజ్ఞాని క్యూనెన్ తొట్టిలో దానిని పాఱించి చూపెను.

ఇక నేను చిరకాలము శ్రమించిన ఘట్టము. 1929 నవంబరు 18న న్యూఫౌండ్‌లాండ్ దక్షిణమున భూకంపము పుట్టినది. చేరువ కడలి అడుగునున్న తంతితీగెలు తక్షణమే తెగినవి. కాని వాలు దిగువనున్నవి ఒకదాని వెనుక నొకటిగా, వరుస తప్పక, తుదిది భూకంపమైన 13 గంటల 17 నిమిషములకు తెగెను. తీగె తెగిన క్షణమును తంతి కార్యాలయములు వ్రాసి యుంచినందున, 1952లో శాస్త్రజ్ఞులు హీజెన్, యూయింగ్ ఆ వేళలను దూరములతో సరిచూచి, ఇది అడుగున దూకిన కలకప్రవాహమని నిర్ణయించి, తొలిదశలో దాని వేగము గంటకు సుమారు నూఱు కిలోమీటర్లని లెక్క గట్టిరి.

ఇచ్చట నాకొక వివాదము కలదు. సముద్రగర్భలోయలు పూర్వము సముద్రము తగ్గినపుడు నదులు తొలిచినవేయని వాదించిన భూవిజ్ఞాని షెపర్డు కేవలము భ్రాంతుడని కొందఱు చరిత్రకారులు వ్రాయుదురు. నేనొప్పను. సముద్రమట్టము వేల అడుగులు పడవలసివచ్చునన్నది ఆ వాదమునకు పెద్ద లోపమే; కాని ఆ అత్యధికవేగమును నమ్మజాలనని ఆయన పలికినందుననే మఱల గణనలు జరిగి, వేగము కొంత తగ్గి, సిద్ధాంతము గట్టిపడెను. పిదప ఆయనయే లోయలలో ప్రవాహమాపకములు దింపి, నీరు వాలువెంట పైకిని క్రిందికిని కదలుటను కొలిచెను. ఓడినవాని ప్రశ్న లేక గెలిచినవాని జవాబు నిలువదు. ఈ మాటను నేను ఎన్ని సభలలోనైన చెప్పెదను.

కాలము మించుచున్నది. 1950లో క్యూనెన్, ఆయన సహరచయిత మిగ్లియొరీని పొరపొరగా, అడుగున మొరటుగా పైన నునుపుగా పేరిన ఇసుకరాళ్లకు కలకప్రవాహమే కారణమని చూపిరి. 1962లో భూవిజ్ఞాని బౌమా ఆ పొరల వరుస తెలిపెను. గంగాబ్రహ్మపుత్రల మట్టి సుమారు 3,000 కిలోమీటర్లు పరచుకొని బంగాళాఖాతగర్భమున విసనకఱ్ఱ యైనది. కృష్ణాగోదావరి అగాధజలములలో 2002లో దొరికిన వాయువు ఇట్టి ప్రవాహములు పేర్చిన ఇసుకలలోనిదే. 2020 జనవరిలో కాంగో లోయ ప్రవాహము 1,100 కిలోమీటర్లకు పైగా పోయి మఱల తీగెలను తెంచెను.

విద్యార్థులారా, ఆనాటి తంతి ఉద్యోగులు శాస్త్రమునకై కాక తమ విధిగా వేళలు వ్రాసికొనిరి. అవే రెండు దశాబ్దముల పిదప వివాదమును తీర్చినవి. 2021 నవంబరులో అన్నమయ్య జలాశయపు కట్ట తెగి చెయ్యేటి ఇసుక పొలములను కప్పిన దినము మీకు గుర్తున్నది. ఇకముందు మీ ఏటికి కలక వచ్చిన ప్రతిసారి వేళయు, మట్టమును, సీసాడు నీటిలో తేరిన మట్టిని కొలిచి వ్రాసి పెట్టుడు.