‘లేకుంటే’ అనే మాట – కంప్యూటర్ తర్కం, మన నీళ్ళ లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. పెద్ద సంగతుల జోలికి పోను. ప్రోగ్రాం రాసేవాళ్ళు రోజూ వాడే మూడు చిన్న మాటల గురించే చెప్తాను. అవి అండ్, ఆర్, నాట్. వీటికి డిగ్రీ అక్కర్లేదు. పాత సిలబస్‌లో పదో తరగతి లెక్కలు చదివినవాళ్ళకు ‘ప్రవచనాలు – సమితులు’ పాఠం గుర్తుండే ఉంటుంది. సంయోగం, వియోగం, నిషేధం అని నేర్చుకున్నాం. సత్యం, అసత్యం అని గళ్ళు నింపి సత్యపట్టికలు గీశాం. ఆ మూడే ఈ మూడు. ఈ లెక్కకు పునాది వేసిన జార్జ్ బూల్ తన ముఖ్య గ్రంథాన్ని 1854లో అచ్చువేశాడు.

ఆ పాఠంలోనే స్థిత్యంతర న్యాయం అని ఒకటుంది. ‘ఇది మరియు అది’ అన్నా, ‘అది మరియు ఇది’ అన్నా విలువ ఒకటే. సత్యపట్టిక వరకు ఆ మాట నిజం. ప్రోగ్రాంలోకి వచ్చేసరికి మాత్రం ఏది ముందు రాశాం, ఏది వెనుక రాశాం అన్నది లెక్కలోకి వస్తుంది.

ఎందుకంటారా? ‘అన్నను పిలువు, లేకుంటే తమ్ముణ్ణి పిలువు’ అని పిల్లవాణ్ణి పంపామనుకోండి. అన్న ఇంట్లోనే ఉంటే వాడు తమ్ముడి కోసం వాడంతా తిరగడు. అసలు మన ‘లేదా’ అన్న మాటలోనే ‘లేదు’ ఉంది. మొదటిది లేదని తేలాకే రెండోదానితో పని. గైడో వాన్ రోసమ్ రూపొందించగా 1991లో బయటికి వచ్చిన పైథాన్ భాషలో ‘ఆర్’ సరిగ్గా ఇట్లనే నడుస్తుంది. ఎడమ వైపు సత్యమైతే అక్కడే ఆగి దాన్నే చేతికిస్తుంది. కుడి వైపు చూడనే చూడదు. ‘అండ్’ దీనికి తిరకాసు. ఎడమ వైపు అసత్యమైతే ఇక చూడాల్సిన పని లేదని ఆగిపోతుంది. సత్యమైతేనే కుడి వైపుకు వెళ్తుంది. దీన్నే షార్ట్ సర్క్యూట్ అంటారు. కరెంటు షార్ట్ సర్క్యూట్ లాగా ప్రమాదం కాదు, ఇది దగ్గరి దారి.

ఇప్పుడు మన నీళ్ళ దగ్గరికి వద్దాం. ఫ్లోరైడ్ మాట నల్లగొండవాళ్ళకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌లతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాకా ఫరవాలేదు. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు.

ఒక మండలంలోని బోర్ల పట్టికను కంప్యూటర్‌లో పెట్టామనుకుందాం. మొదటి బోరు 0.8. రెండోది 2.4. మూడోదాని నమూనా ఇంకా పరీక్షకే పోలేదు, అక్కడ గడి ఖాళీ. పైథాన్‌లో ఆ ఖాళీకి ‘నన్’ అని పేరు. ‘కొలత <= 1.5’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, మూడో బోరు దగ్గర పైథాన్ తప్పు చూపించి ఆగిపోతుంది. లేని అంకెను ఉన్న అంకెతో పోల్చలేను అంటుంది. జావాస్క్రిప్ట్ అట్లా అనదు. అందులోని ‘నల్’ అనే ఖాళీని సున్నాగా మార్చుకొని, సున్నా 1.5 కంటే తక్కువే కాబట్టి ‘సత్యం’ అంటుంది. అంటే పరీక్షించని బోరు మంచి బోర్ల జాబితాలో చేరుతుంది. తెర మీద ఎర్ర గీత ఉండదు. ఎవరికీ అనుమానం రాదు.

అందుకే పైథాన్‌లో ఇట్లా రాయాలి:

కొలత ఈజ్ నాట్ నన్ అండ్ కొలత <= 1.5

ముందు కొలత ఉందా అని అడుగుతాం. లేకపోతే ‘అండ్’ అక్కడే ఆగుతుంది, పోలిక దాకా పోదు. ఈ రెండు ముక్కలను తారుమారు చేస్తే లేని కొలతతో ముందే పోలిక జరిగి ప్రోగ్రాం ఆగిపోతుంది. సత్యపట్టికలో రెండూ ఒకటే, నడకలో ఒకటి కాదు. గడప దాటకముందే తలుపు తెరిచి ఉందో లేదో చూసుకోవడం లాంటిది ఇది. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఈ వాక్యం ‘అసత్యం’ అన్నంత మాత్రాన ఆ బోరు చెడ్డదని కాదు. పరీక్షించనివాటికి వేరే జాబితా ఉండాల్సిందే.

రెండో చిక్కు సున్నా దగ్గర. పైథాన్ దృష్టిలో నన్, ఖాళీ మాట, ఖాళీ జాబితా, సున్నా ఇవన్నీ అసత్యం కిందికే వస్తాయి. కుళాయి నీళ్ళలో మిగిలి ఉండాల్సిన క్లోరిన్ కనీసం 0.2 మిల్లీగ్రాములు. గడి ఖాళీగా ఉంటే మామూలు విలువ వేద్దామని ఎవరైనా ‘క్లోరిన్ ఆర్ 0.2’ అని రాస్తే ఏమవుతుంది? పరీక్ష చేసినాయన నిజంగానే కొలిచి సున్నా అని రాసి ఉంటాడు. క్లోరిన్ అస్సలు లేదని, జాగ్రత్తపడమని దాని అర్థం. ‘ఆర్’ ఆ సున్నాను అసత్యం అనుకొని పక్కకు నెట్టి 0.2 చేతిలో పెడుతుంది. నీళ్ళు పరీక్షలో పాసైపోతాయి. లేకపోవడం వేరు, సున్నా ఉండడం వేరు. జావాస్క్రిప్ట్‌లో 2020లో ‘??’ అనే కొత్త గుర్తు చేరింది ఈ తేడా కోసమే. ఎడమ వైపు నిజంగా విలువ లేనప్పుడే అది కుడి వైపుకు వెళ్తుంది, సున్నాను ముట్టుకోదు.

మూడోది, మన మాటతీరు వల్ల వచ్చే చిక్కు. ‘మండలం మర్రిగూడ లేదా చండూరు అయితే’ అని మనం అంటాం, వినేవాళ్ళకు అర్థమవుతుంది. దాన్నే

మండలం == "మర్రిగూడ" ఆర్ "చండూరు"

అని దించితే కంప్యూటర్ వేరుగా చదువుతుంది. మండలం మర్రిగూడయా? కాకుంటే ‘చండూరు’ అనే మాట సత్యమా? ఖాళీ కాని ఏ మాటైనా సత్యమే కాబట్టి దేవరకొండ బోరు కూడా లోపలికి వచ్చేస్తుంది. ‘మండలం ==’ అని రెండోసారి కూడా రాయాల్సిందే.

చివరిది రికార్డు సంగతి. ‘ఫ్లోరైడ్ పరీక్షించు అండ్ నైట్రేట్ పరీక్షించు’ అని రాసి, ఆ పరీక్షలే ఫలితాన్ని రిజిస్టర్‌లో ఎక్కించేట్టు పెట్టామనుకోండి. ఫ్లోరైడ్ దగ్గర తప్పిన ప్రతి బోరుకూ నైట్రేట్ గడి ఖాళీగానే మిగులుతుంది. తీర్పు సరైనదే, రికార్డు మాత్రం సగమే. అందుకని రెండు పరీక్షలూ ముందే చేయించి, ఫలితాలను విడివిడిగా దాచుకొని, ఆ తర్వాతే ‘అండ్’తో కలపాలి. తీర్పు చెప్పేటప్పుడు దగ్గరి దారి మంచిదే. లెక్క రాసేటప్పుడు మాత్రం పూర్తి దారే నడవాలి.

ఇక్కడ కంప్యూటర్ చెప్పే సార్లు, మేడంలు ఉన్నారు. వారికి నాదొక చిన్న మనవి. సత్యపట్టిక గీయించేటప్పుడు చివర ‘కుడి వైపు చూసిందా?’ అని ఇంకొక వరుస పెట్టించండి. నాలుగు అడ్డు వరుసల్లో ‘అండ్’ ఎడమ వైపు సత్యమైన రెండింట్లోనే కుడి వైపు చూస్తుంది. ‘ఆర్’ ఎడమ వైపు అసత్యమైన రెండింట్లోనే చూస్తుంది. పిల్లలు ఆ గళ్ళు తమ చేత్తో నింపితే ఇక మరిచిపోరు. ఉదాహరణకు మార్కుల పట్టికకు బదులు మన ఊరి బోరు నీళ్ళ పట్టిక ఇవ్వండి. ఖాళీ గడి ఒకటి, సున్నా గడి ఒకటి కావాలనే అందులో ఉంచండి. ఆ రెండింటికీ తేడా అడిగి తెలుసుకునే పిల్లవాడు రేపు ఏ ఆఫీసులో కూర్చున్నా, పరీక్షించని నీళ్ళను మంచినీళ్ళని రాయడు.