పాత కంప్యూటరు చెప్పిన పాఠం



డెబ్బది అయిదు ఏండ్ల పండుగనాడు ప్రధానోపాధ్యాయురాలు పాత కంప్యూటర్లను గూర్చి మాట్లాడుట మీకు వింతగా తోచవచ్చును. మన డెంకణికోట తెలుగు గొంతులను కాపాడుకొనే ఉపాయమొకటి వాటి కథలో ఉన్నది. అందుకే ఈ ప్రస్తావన.

1984లో ‘క్లాస్’ పథకం క్రింద మన దేశంలోని కొన్ని పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు వచ్చినవి. వాటి జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. 1992లో కమడోర్ సంస్థ తెచ్చిన అమిగా 1200 అను గృహ కంప్యూటరుకు 2 మెగాబైట్లు ఉండెను. సి.డి. నాణ్యత గల శబ్దమునకు నిమిషానికి 10 మెగాబైట్లకు పైగా కావలెను. అనగా ఆ యంత్రంలో పన్నెండు సెకన్ల పాట కూడ పట్టదు.

ఈ ఇబ్బందిని తీర్చినది శబ్దమును కుదించు విద్య. ఉత్సవంలో డప్పులు మోగుచుండగా ప్రక్కవారి గుసగుస మనకు వినబడదు కదా! చెవికి అందని అటువంటి భాగాలను వదలివేసి, మిగిలినదానిని క్లుప్తంగా వ్రాయుటే ఎం.పి.3 పద్ధతి. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున కుదించిన పాట అసలులో దాదాపు పదకొండవ వంతు ఉండును.

కాని అమిగా రూపొందిన నాటికి ఈ పద్ధతి వాడుకలో లేదు. మరి ఆ పాత యంత్రం కొత్త ఫైలును ఎట్లు చదువును? దాని నిర్మాతలు 1992లోనే ‘డేటాటైప్’ అను ఏర్పాటు చేసిరి. కొత్తరకపు ఫైలు వచ్చినపుడు, దానిని చదివి చెప్పే చిన్న ప్రోగ్రామును చేర్చిన చాలును, యంత్రమంతటిని మార్చనక్కరలేదు. 1994లో కమడోర్ మూతపడినది. అయినను అభిమానులు ఆ తలుపు గుండా కుదించిన శబ్దాల కొరకు కూడ అనుబంధాలు వ్రాసి చేర్చిరి. యంత్రం నెమ్మది, జ్ఞాపకశక్తి తక్కువ; పొడవైన పాటకు అదనపు పరికరాలు కావలసివచ్చెను. అయినను మూగబోవలసినది పలికినది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నవి. నియమాలు అందరికీ తెలిసిన పద్ధతిలో దాచినది, తయారుచేసిన సంస్థ పోయినను బ్రదుకును. 2002లో తొలి పూర్తి రూపంలో వెలువడిన ఓగ్ వోర్బిస్ అట్టి బహిరంగ పద్ధతి. రెండవది, కుదింపులో పోయినది మరల రాదు. ఏ అనుబంధమును చేర్చినను తిరిగి తేలేదు.

2006 నాటి చట్టం ప్రకారం మన పిల్లలు తమిళమును తప్పక చదువుచున్నారు. అది వారికి మేలే. కాని మన ఇండ్లలోని తెలుగు, దాని యాస, కోలాటపు పాటలు, పెండ్లి పాటలు ఏ పాఠ్యపుస్తకములోను లేవు. అవి అవ్వల నోళ్లలోను, అటకలమీది క్యాసెట్లలోను ఉన్నవి. క్యాసెట్టు టేపు ఏటేటా పాడగును. అవ్వలు ఎల్లకాలం ఉండరు.

కనుక నా మనవి ఇది. ఇంట నున్న క్యాసెట్లను బడికి తెండు. పెద్దల అనుమతితో వారి పాటలను, మాటలను రికార్డు చేయండి. అసలు ప్రతిని కుదించక గాని, ఏమియు పోగొట్టక కుదించే ఫ్లాక్ పద్ధతిలో గాని దాచుదము. అందరికీ పంచుటకు మాత్రం చిన్న ప్రతి చాలును. ఒక ప్రతి బడిలో, మరొకటి వేరొక చోట ఉండవలెను. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం తప్పక వ్రాయవలెను. పేరులేని గొంతు ముందు తరానికి అపరిచితమే.

దూరదేశాలలో కంప్యూటరు పనిలో నున్న పూర్వ విద్యార్థులారా, మీరు మాకు నేర్పండి. ఈ బడి మీకు అక్షరమిచ్చినది. మీరు దానికి మన ఊరి గొంతును భద్రపరచి ఇవ్వండి.